కొట్టు లెక్కలకు కంప్యూటరు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

లెక్కలకు, బిల్లులకు, ఆర్డర్లకు ఖర్చు లేని సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా అని అడుగుతూ నెల్లూరు, ప్రకాశం జిల్లాల చిన్న వ్యాపారులు రాసిన ఉత్తరాలలో ఏడింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. పేర్లు వేయవద్దని కొందరు కోరినందున అందరి పేర్లూ వదిలి, ఊరు, వృత్తి మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: మాది ముప్పయ్యేళ్ల నాటి కిరాణా కొట్టు. అరువు ఖాతాలు రెండు వందల పైచిలుకు ఉన్నాయి. పొగాకు రైతులు వేలం డబ్బు బ్యాంకులో పడ్డాకే బాకీ తీరుస్తారు కనుక అంతవరకు పద్దు పుస్తకమే మాకు ఆధారం. పుస్తకం మానేసి ఫోనులో ఖాతా యాప్ పెట్టుకుందామని మా అబ్బాయి అంటున్నాడు. ఏటేటా డబ్బు కట్టే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనమని తెలిసినవారొకరు అంటున్నారు. మేము జీఎస్టీలో చిన్న వ్యాపారులకుండే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నాం. ఏం చేయమంటారు? (కిరాణా వ్యాపారి, టంగుటూరు)

జవాబు: రాత్రి కొట్టు కట్టేసే ముందు మీకు ఏ లెక్క తెలిస్తే నిద్ర పడుతుందో ముందు దానిని తేల్చుకోండి. మీ ఉత్తరాన్నిబట్టి చూస్తే అది బాకీల లెక్క. సరుకు నిల్వ మీ కళ్ల ముందు అరల్లోనే ఉంది. పన్ను లెక్క మీకు నిజానికి తేలిక: కాంపోజిషన్‌లో ఉన్న వ్యాపారి కొనేవారి నుంచి పన్ను వసూలు చేయకూడదు, టాక్స్ ఇన్వాయిస్‌కు బదులు పన్ను చూపని ‘బిల్ ఆఫ్ సప్లై’ ఇవ్వాలి, పన్ను వర్తించే సరుకుల అమ్మకం మీద 1 శాతం చొప్పున లెక్కగట్టి మూడు నెలలకొకసారి సీఎంపీ-08 అనే ఫారం ద్వారా చెల్లించాలి, ఏడాదికొకసారి జీఎస్టీఆర్-4 అనే రిటర్ను దాఖలు చేయాలి. రోజు అమ్మకాన్ని పన్ను ఉన్న సరుకు, పన్ను లేని సరుకు అని రెండుగా విడదీసి రాసుకుంటే ఈ పనికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. మీరు కొనబోయే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో సగం సదుపాయాలు మీకు లేని అవసరాల కోసం తయారైనవే.

బాకీల లెక్కకు లిబ్రె ఆఫీస్‌లోని క్యాల్క్ అనే పట్టికల సాఫ్ట్‌వేర్ చాలు. దీనిని ఉచితంగా దించుకోవచ్చు, ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు, ఎక్సెల్ ఫైళ్లు కూడా ఇందులో తెరుచుకుంటాయి. అయితే మొదట్లోనే చాలామంది ఒక పొరపాటు చేస్తారు: పుస్తకంలో ఆసామికొక పేజీ ఉన్నట్టే కంప్యూటరులోనూ ఆసామికొక షీటు తెరుస్తారు. రెండు వందల షీట్లయ్యాక మొత్తం బాకీ ఎంతో తెలుసుకోవడం పుస్తకంలో కంటే కష్టమవుతుంది. అలా కాకుండా రోజువారీ పద్దులు రాసే మన పాత చిట్టా పద్ధతినే అనుసరించి, ఒకే షీటులో తేదీ, ఆసామి సంఖ్య, పేరు, వివరం, అరువు, జమ అని ఆరు నిలువు వరసలు పెట్టి, ప్రతి పద్దునూ ఒక అడ్డు వరసలో వచ్చిన క్రమంలోనే రాసుకుంటూ పోండి. ఒక్క షీటులో 10,48,576 అడ్డు వరసలు ఉంటాయి కనుక చోటు చాలదన్న బెంగ లేదు. ఎవరి బాకీ ఎంతో ‘సమ్‌ఇఫ్’ అనే సూత్రం తేలుస్తుంది. అందరి బాకీలూ ఒక్క పట్టికగా కావాలంటే ‘పివట్ టేబుల్’ ఉంది. చిట్టాలో రాసిన పద్దులను ఆవర్జాలోకి (ఆసామివారీ ఖాతా పుస్తకంలోకి) ఎక్కించడానికి వెనుకటి గుమాస్తాలు దీపం పెట్టుకుని కూర్చున్న పనిని ఈ రెండూ క్షణంలో చేస్తాయి.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది పేర్ల సంగతి. ఒకే ఊళ్లో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటే మనిషి గుర్తు పడతాడు గాని సూత్రం గుర్తు పట్టదు. ఒకరి పేరును ఒకనాడు ఒకరకంగా, మరొకనాడు ఇంకొకరకంగా రాసినా ఇద్దరు మనుషులనే అనుకుంటుంది. అందువల్ల ప్రతి ఆసామికీ ఒక సంఖ్య ఇచ్చి, ఇంటిపేరు, ఊరు మరో షీటులో ఒక్కసారి రాసి ఉంచి, లెక్క అంతా ఆ సంఖ్య మీదనే నడపండి. రెండవది తేదీ. సెట్టింగులలో దేశం అమెరికా అని ఉంటే మీరు మే నెల 4వ తేదీ అనుకుని కొట్టిన 04/05 ఏప్రిల్ 5వ తేదీగా నమోదవుతుంది. భాషా సెట్టింగును భారతదేశానికి మార్చిన తరువాతనే మొదటి పద్దు రాయండి.

ఇక మీ అబ్బాయి చెప్పిన యాప్ సంగతి. అటువంటివి పనికిరావని నేను అనను, కౌంటరు దగ్గర ఫోనులో పద్దు కొట్టడం సులువే. కాని బాకీ ఇంత ఉన్నదని ఆసామికి దానంతట అదే సందేశం పంపే ఏర్పాటు వాటిలో ఉంటుంది, దానిని మొదటి రోజే ఆపివేయండి. వేలం మొదలు కాకముందే రాత్రిపూట రైతు ఫోనుకు బాకీ సందేశం వెళితే, ముప్పయ్యేళ్ల అలవాటు ఆ ఒక్క మోతతో తెగిపోవచ్చు. ఖాతా ఎవరి ఫోను నంబరు మీద తెరుస్తున్నారో కూడా చూసుకోండి, అది అబ్బాయి నంబరైతే అతను ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లిన రోజున మీ ఆవర్జా కూడా అతనితో వెళ్లిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పది పద్దులు రాసి వాటిని ఎక్సెల్ లేదా సీఎస్‌వీ ఫైలుగా బయటికి తీసి వేరే కంప్యూటరులో తెరిచి చూడండి. తెరుచుకోకపోయినా, బయటికి తీయడానికి డబ్బు అడిగినా ఆ యాప్ మీకు వద్దు. మీ లెక్క మీరు తీసుకుపోలేని చోట రాసుకోవడం, తాళంచెవి ఎదుటివారి దగ్గర ఉన్న గల్లాపెట్టెలో డబ్బు వేయడం వంటిది.

పుస్తకాన్ని మాత్రం ఈ వేలాల కాలం ముగిసేదాకా మానవద్దు. ఆసామి తన పేజీ తానే చూసుకుని సరేనన్న పద్దుకు ఉన్న విలువ, అతనికి కనిపించని కంప్యూటరు పద్దుకు ఇంకా రాలేదు.

ప్రశ్న: ఉచితంగా ఇచ్చేవారికి లాభమేమిటి? ఇవాళ ఉచితమన్నది రేపు డబ్బు అడగదని నమ్మకమేమిటి? (పుస్తకాల కొట్టు నడుపుతున్న విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆత్మకూరు)

జవాబు: మాస్టారూ, ఇంగ్లీషువాళ్లకు లేని సౌకర్యం ఈ విషయంలో మనకున్నది. వారు ఒకే మాటతో చెప్పుకునే రెండు సంగతులకు మనకు ‘ఉచితం’, ‘స్వేచ్ఛ’ అని వేర్వేరు మాటలు ఉన్నాయి. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే ప్రయత్నాన్ని ప్రకటించినప్పుడు కోరినది రెండవదాన్ని: సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా నడుస్తున్నదో చూడవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు. లిబ్రె ఆఫీస్, జంట పద్దు విధానంలో లెక్కలు రాసే గ్నూక్యాష్, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ ఈ తెగకు చెందినవి. ఒక కంపెనీ ఇవ్వనంటే ఇవి ఆగిపోవు. లిబ్రె ఆఫీస్ పుట్టుకే అందుకు సాక్ష్యం: ఓపెన్ ఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్ 2010లో ఒక పెద్ద కంపెనీ చేతిలోకి వెళ్లినప్పుడు, దాని భవిష్యత్తు మీద అనుమానం కలిగిన నిర్మాతలు ఆ మూలాన్నే తీసుకుని అదే ఏడాది సెప్టెంబరులో డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ కింద పనిని కొనసాగించారు.

వాట్సాప్, గూగుల్ షీట్స్, ఖాతా యాప్‌లు ఇలాంటివి కావు. అవి ఉచితమే గాని వాటి మీద మనకు స్వేచ్ఛ లేదు; ప్రకటనల వల్లనో, పెద్ద వ్యాపారులు కట్టే రుసుము వల్లనో, అప్పులు ఇప్పించడం వల్లనో వాటివారికి ఆదాయం వస్తుంది. మీ అనుమానం వీటి విషయంలో న్యాయమైనదే. వాడుకోండి గాని, నెలకొకసారి లెక్కను ఫైలుగా దించి మీ దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: ఇంట్లోనే మలై కాజా, కారాలు, పచ్చళ్లు చేసి అమ్ముతున్నాం. చెన్నై, బెంగళూరుల నుంచి వాట్సాప్‌లో ఆర్డర్లు వస్తున్నాయి. ఎవరికి పంపామో, ఎవరు డబ్బు వేశారో కలగాపులగమవుతున్నది. వెబ్‌సైటు పెట్టించుకోవాలా? (గృహిణి, నెల్లూరు)

జవాబు: అమ్మా, వెబ్‌సైటు ఇప్పుడే వద్దు. కొనేవారు మీ దగ్గరికి వాట్సాప్‌లోనే వస్తున్నప్పుడు వారిని ఇంకొక చోటికి నడిపించడం వల్ల ఖర్చే గాని ప్రయోజనం లేదు. 2018లో మొదలైన వాట్సాప్ బిజినెస్ అనే యాప్ మామూలు వాట్సాప్‌కు వేరు, అది కూడా ఉచితమే. ఒకే నంబరును రెండు యాప్‌లలోనూ వాడడం కుదరదు కనుక అమ్మకాలకు ఒక నంబరు విడిగా తీసుకుని, చుట్టాల మాటలు పాత నంబరులో ఉంచుకోండి. కొత్తదానిలో వస్తువుల బొమ్మలు, ధరలు కేటలాగుగా పెట్టవచ్చు. తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసి ఉంచి ఒక్క గుర్తుతో పంపవచ్చు. ప్రతి సంభాషణకూ ‘ఆర్డర్ వచ్చింది’, ‘డబ్బు వచ్చింది’, ‘పార్సిల్ పంపాం’ అని చీటీ తగిలించవచ్చు. మీ కలగాపులగానికి ఈ చీటీలే మందు.

అయినా వాట్సాప్ లెక్కల పుస్తకం కాదు. గూగుల్ షీట్స్‌లో ఒక పట్టిక తెరిచి, ఆర్డరు సంఖ్య, తేదీ, పేరు, ఊరు, వస్తువు, బరువు, మొత్తం, డబ్బు చేరిన తేదీ, పార్సిల్ రసీదు సంఖ్య రాసుకుంటే, వంటింట్లో ఉన్న మీరూ పార్సిల్ కట్టేవారూ రెండు ఫోన్లలో ఒకే పట్టిక చూడవచ్చు. గూగుల్ ఖాతాకు ఉచితంగా వచ్చే 15 జీబీ చోటు ఇలాంటి పట్టికలకు ఏళ్ల తరబడి సరిపోతుంది, నిండిపోయేది ఫోటోలతోనే. బిల్లు నమూనాలో మీ 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. (ఆహార భద్రతా సంస్థ) సంఖ్యను శాశ్వతంగా చేర్చండి, 2022 జనవరి నుంచి ఆహార వ్యాపారుల బిల్లుల మీద అది తప్పనిసరి.

డబ్బు విషయంలో, కొన్నవారు పంపిన స్క్రీన్‌షాట్ చూసి పార్సిల్ కట్టవద్దు. మీ బ్యాంకు ఖాతాలో పడిందని మీరే చూసుకోవాలి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టమని ఎవరైనా అంటే అది మోసమే, పిన్ డబ్బు పంపడానికే గాని పుచ్చుకోవడానికి అక్కరలేదు. ఒకవేళ మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి.

ప్రశ్న: గ్రానైటు పలకల కటింగు, పాలిషింగు యూనిట్ ఉంది. పలకల కొలతలు, నిల్వ, సరుకు రవాణాకు కావలసిన ఈ-వే బిల్లులు, జీఎస్టీ అన్నీ ఒకే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నడపగలమా? (చీమకుర్తి)

జవాబు: ఒకే దానిలో వద్దు, రెండుగా విడదీయండి. కొలతలకూ నిల్వకూ క్యాల్క్‌ను మించినది మీకు దొరకదు, ఎందుకంటే బయట దొరికే సాఫ్ట్‌వేర్లు చాలావరకు డజన్లు, కిలోలు లెక్కపెట్టే కొట్ల కోసం తయారైనవి, మీ సరుకులో మాత్రం ఏ రెండు పలకలూ ఒకటి కావు. బ్లాకు సంఖ్య, పలక సంఖ్య, అంగుళాలలో పొడవు, ఎత్తు రాస్తే, రెండింటినీ గుణించి 144తో భాగించే సూత్రం చదరపు అడుగులను ఇస్తుంది. 108 అంగుళాల పొడవు, 72 అంగుళాల ఎత్తు ఉన్న పలక 54 చదరపు అడుగులు. మూల విరిగినందుకు వదిలేసే కొలతకు మరొక నిలువు వరస ఉంచండి. ఒక బ్లాకు నుంచి వచ్చిన మొత్తం చదరపు అడుగులను ఆ బ్లాకు కొన్న ధరతో పోల్చి చూసినప్పుడు, ఏ క్వారీ రాయి మీకు గిట్టుబాటవుతున్నదో మొదటిసారి అంకెలలో కనిపిస్తుంది. ఇది ఏ కంపెనీ సాఫ్ట్‌వేరూ అడగకుండా చెప్పదు.

సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే తీసుకోవలసిన ఈ-వే బిల్లుకు ప్రభుత్వ పోర్టల్ ఉచితమే. మామూలు లారీకి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది కనుక రమారమి మూడు వందల కిలోమీటర్ల చెన్నైకి రెండు రోజుల గడువు వస్తుంది.

బిల్లులు, పన్ను లెక్కల దగ్గర మాత్రం ఉచితం కోసం పట్టుపట్టకండి. క్యాల్క్‌లో బిల్లు చేస్తే వరస సంఖ్య ఎక్కడో తప్పుతుంది, లేదా ఒకే సంఖ్య రెండు బిల్లులకు పడుతుంది. నిబంధన ప్రకారం ఆర్థిక సంవత్సరంలో ప్రతి బిల్లుకూ 16 అక్షరాలకు మించని వరస సంఖ్య ఉండాలి, అది మళ్లీ రాకూడదు. కొనుగోళ్ల మీద పన్ను తిరిగి పొందడానికి ప్రతి నెలా జీఎస్టీఆర్-2బీతో (మీకు అమ్మినవారు చూపిన బిల్లుల పట్టికతో) మీ కొనుగోలు బిల్లులను సరిపోల్చుకోవాలి. పన్ను రేట్లు కూడా మారుతుంటాయి: 2025 సెప్టెంబరు 22న 12, 28 శాతాల శ్రేణుల్లోని సరుకులు ఎక్కువ భాగం 5, 18 శాతాలలోకి వెళ్లినప్పుడు, సూత్రాలు సొంతంగా రాసుకున్నవారు ప్రతి షీటులోనూ వెతికి దిద్దుకోవలసి వచ్చింది. కొనేముందు మీ ఆడిటరు గారిని ఏ సాఫ్ట్‌వేర్ ఫైలు తీసుకుంటారో అడగండి. మీరు తక్కువలో వచ్చిందని ఒకటి కొని, ఆయన గుమాస్తా అదంతా టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ కొట్టవలసి వస్తే, ఆ కూలి ఎటూ మీ బిల్లులోకే వస్తుంది. నెలకు నాలుగైదు బిల్లులే అయితే, చెన్నైకి చెందిన జోహో సంస్థ ఉచితంగా ఇస్తున్న జోహో ఇన్వాయిస్‌ను ఒకసారి పరీక్షించి చూడవచ్చు.

ప్రశ్న: చిన్న వ్యాపారాలకుండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఒక ఇంటర్నెట్ కేంద్రంలో 1,500 రూపాయలు తీసుకున్నారు. ఇది ప్రభుత్వ రుసుమేనా? (టైలరింగ్ షాపు యజమాని, కావలి)

జవాబు: కాదు. 2020 జులై 1 నుంచి నడుస్తున్న ఉద్యమ్ ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ ఉంటే పత్రాలేవీ ఎక్కించనక్కరలేదు. ఫారం నింపిపెట్టినందుకు కూలి తీసుకోవచ్చు గాని, దానిని ప్రభుత్వ రుసుమని చెప్పి ఉంటే అది అబద్ధం.

ప్రశ్న: నేను ఒక హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. మా యజమాని కంప్యూటరులో విండోస్ 10, క్రాక్ చేసిన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. ఏమీ కాదంటున్నారు. నాకు భయంగా ఉంది. (ఒంగోలు)

జవాబు: మీ భయమే సరైనది. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటరు ప్రోగ్రామును వాడినవారికి ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అయితే పోలీసుల కంటే ముందు వచ్చేది వైరసే. క్రాక్ పెట్టేవారు మొదట యాంటీవైరస్‌ను ఆపమంటారు, అంటే కాపలావాణ్ణి పంపించి తలుపు తీయమన్నట్టే. పని నేర్చుకోవడానికే అయితే టాలీలో ఎడ్యుకేషనల్ మోడ్ ఉంది, డబ్బు కట్టనక్కరలేదు; నెలలో మొదటి రెండు తేదీలకూ చివరి తేదీకీ మాత్రమే పద్దులు తీసుకుంటుంది కనుక దానితో షాపు నడవదు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. యంత్రం పాతదై విండోస్ 11 ఎక్కకపోతే, విండోస్‌కు బదులు ఉచితంగా పెట్టుకోగల లినక్స్ మింట్ ఉంది; 4 జీబీ మెమరీ ఉన్న యంత్రంలో బాగానే నడుస్తుంది, లిబ్రె ఆఫీస్ దానితోపాటే వస్తుంది. పెన్‌డ్రైవు నుంచే నడిపి చూసే వీలుంది కనుక, మీ బిల్లుల ప్రింటరు, డిజిటల్ సంతకం టోకెన్ దానిలో పనిచేస్తున్నాయో లేదో చూసుకున్న తరువాతే మార్చండి.

ఈ లోపల మీరు ఒక్కరే చేయగల పని లెక్కల ఫైళ్లకు కాపీ తీసి దాచడం. నేను ఒంగోలులో ఒక పొగాకు గోదాములో లెక్కలు రాసే రోజుల్లో, సరిగ్గా మార్చి నెలాఖరున కంప్యూటరులోని హార్డ్ డిస్క్ పాడైపోయింది. కాపీ ఉందని ధీమాగా చెప్పాను. ఉంది, కాని అదే డిస్క్‌లోని ‘డి’ డ్రైవులో ఉంది. ఏడాది లెక్కను చిట్టీల నుంచి తిరగరాయడానికి నలభై రోజులు పట్టింది. కాబట్టి వారానికొక కాపీ పెన్‌డ్రైవులోకి, మరొకటి షాపులో కాక వేరే ఇంట్లోనో గూగుల్ డ్రైవులోనో ఉండాలి. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు, కోవూరు ప్రాంతాలలో ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు పుస్తకమూ కంప్యూటరూ పెన్‌డ్రైవూ ఒకే అరలో పెట్టుకున్నవారికి ఏమి మిగిలి ఉంటుందో ఊహించుకోండి. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలని చట్టం చెబుతున్నది కనుక పాత ఫైళ్లను చెరపవద్దు.

ప్రశ్న: మా మహిళా బృందం చెక్క చెంచాలు, గరిటెలు చేస్తుంది. ధరల పట్టికను తెలుగులో ఫోనులో రాసి డీటీపీకి పంపితే అక్షరాలన్నీ చెదిరిపోయాయంటున్నారు. మేమే తయారు చేసుకునే మార్గం చెప్పండి. (ఉదయగిరి)

జవాబు: తప్పు మీదీ కాదు, డీటీపీవారిదీ కాదు. మీరు ఫోనులో రాసేది యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత సంకేతం ఉండే పద్ధతి. చాలా డీటీపీ కేంద్రాలలో ఇప్పటికీ వాడేది పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, ‘అను’ అనే పేరున్న లిపులు. ఆ లిపులలో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి కనుక రెండింటికీ పొసగదు. ఇంక్‌స్కేప్‌ను కంప్యూటరులో ఉచితంగా దించుకుని పట్టికను అందులో తయారు చేయండి. శీర్షికకు రామభద్ర, లోపలి వాక్యాలకు మండలి, అందంగా కావాలంటే తిమ్మన లేదా గిడుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి; వీటిని అమ్మకపు సరుకు మీద అచ్చు వేసుకోవడానికి కూడా ఎవరికీ రుసుము కట్టనక్కరలేదు. పని పూర్తయ్యాక ఒక ప్రతిని మార్పులకోసం అలాగే ఉంచుకుని, రెండవ ప్రతిలో అక్షరాలన్నింటినీ ఎంచుకుని ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కితే అవి గీతలుగా మారిపోతాయి. దానిని పీడీఎఫ్ చేసి పంపండి, ఏ ప్రెస్సులో తెరిచినా ఒక్క ఒత్తు కూడా కదలదు. ధరలు మాత్రం రెండవ ప్రతి చేసేముందే సరిచూసుకోండి; గీతగా మారిన అంకెను మళ్లీ దిద్దడం కుదరదు.